ముందే అచ్చయిన ఏడాది

మా బడిలో ఒక విద్యా సంవత్సరం ఆషాఢంలోనే పూర్తయిపోయింది. బడి తెరిచి నెల తిరిగేలోపే ఆ ఏడాది మేం ఏమేం చేశామో, ఎన్ని బహుమతులు గెలిచామో, తల్లిదండ్రులు ఎంత మురిసిపోయారో అన్నీ రంగుల కాగితం మీద అచ్చయి, కట్టలు కట్టి, ఆఫీసు గదిలో బీరువా మీద కూర్చున్నాయి. మిగిలిన తొమ్మిది నెలలు ఆ కాగితం వెనక పరుగెత్తడమే మా ఉద్యోగం.

ఇది నవ్వులాటకు చెప్పడం లేదు. నార్కట్‌పల్లి నుంచి నల్లగొండ వెళ్లే దారిలో పక్కకు దిగితే మా ఊరు. సగం ఇళ్లలో మగ్గాలు, సగం ఇళ్లలో వ్యవసాయం. నర్సరీ నుంచి ఐదో తరగతి దాకా ఉన్న ప్రైవేటు బడిలో నేను ఇరవై ఆరేళ్లు పాఠాలు చెప్పాను, చివరి తొమ్మిదేళ్లు ప్రధానోపాధ్యాయురాలిగా ఉన్నాను. బడి పెట్టినాయన జనార్దన్ సార్. కరస్పాండెంట్ అని గది మీద బోర్డు ఉండేది. మంచి మనిషి. ఏ పనైనా ఊళ్లో అందరికంటే ముందు అయిపోవాలన్న ఆత్రం ఒక్కటే ఆయన జబ్బు.

ఆయన బావమరిదికి పెళ్లి పత్రికలు అచ్చువేసే ప్రెస్సు ఉండేది. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు గదా, యంత్రం ఖాళీ. "ఊకెనే ఉంటది బావా, మీ బడి పుస్తకమేదో కొట్టియ్యరాదు" అన్నాడట. అంతే. మార్చిలో వార్షికోత్సవం నాడు పంచాల్సిన వార్షిక నివేదికను జూలైలోనే కొట్టించుకొచ్చి నా బల్ల మీద పెట్టారు సార్. తెలంగాణ వచ్చిన తొలి ఏళ్లు అవి. ముఖచిత్రం మీద తంగేడు పూలు, కింద మా బడి పేరు.

"సార్, ఇంక మనం ఏం చేయనే లేదు. ఇండ్ల ఏమని రాసిన్రు?" అని అడిగాను.

"చేసినంక రాస్తే అది చరిత్ర మేడం. రాసినంక చేస్తే ప్లానింగు" అన్నారు.

కొత్తగా బడుల్లో చేరే పిల్లలు, అంటే టీచర్లే, నాకు పిల్లల్లాగానే కనిపిస్తారు, వాళ్లు నన్ను కలిసినప్పుడు క్లాసును అదుపులో పెట్టడం ఎట్లా, తల్లిదండ్రులతో మాట్లాడడం ఎట్లా అని అడుగుతుంటారు. నేను మాత్రం వాళ్లకు ఆ ఏడాది సంగతే చెబుతాను. బీఈడీలో నేర్పని చదువంతా నాకు ఆ ఒక్క ఏడాదిలో దొరికింది.

వంకాయలు

నివేదిక రెండో పేజీలో మొదటి వాక్యం: "మన విద్యార్థులు స్వయంగా సాగుచేసిన తోటలో వంకాయలు విరగకాశాయి."

బడి వెనక నాలుగు మళ్లు తవ్వించి మొక్కలు పెట్టించాం. నీళ్లు పోసే బాధ్యత ఒక్కో వారం ఒక్కో తరగతికి ఇచ్చాం. మూడో తరగతి వాళ్లు ఎంత భక్తిగా పోశారంటే సగం మొక్కలు కుళ్లిపోయాయి. మిగిలిన వాటిని గోడ దూకి వచ్చిన మేకలు చూసుకున్నాయి. డిసెంబరు నాటికి తోటలో పది పన్నెండు మొక్కలు మిగిలాయి గాని, వాటికి కాయ అన్నది పడలేదు.

అప్పుడే జనార్దన్ సార్‌కు తోట చూపించాలన్న కోరిక పుట్టింది. పక్క ఊళ్లో ఉండే వ్యవసాయ శాఖ రిటైర్డ్ అధికారి ఒకాయనను పిలిచారు, రేపే వస్తున్నాడన్నారు. నేను తల పట్టుకున్నాను. మా ఆయా లక్ష్మమ్మ మాత్రం ఏ మాత్రం బెదరలేదు.

"ఎందుకు ఫికర్ టీచరమ్మా? అంగట్ల వంకాయలు లేవా, ఇంట్ల దారం లేదా?"

ఆ పనికి ఒప్పుకున్నది నేనే. దాచడం దేనికి. పొద్దున్నే లక్ష్మమ్మ, ఐదో తరగతి ఆడపిల్లలు కలిసి మొక్కకు రెండేసి చొప్పున వంకాయలు కట్టారు. ఎంత అందంగా కట్టారో! మా ఊరి మగ్గాల మీద చీరెకు రంగు అద్దేముందు నూలుకు చిటికి కడతారు. రంగు లోపలికి దిగకుండా దారంతో బిగించి ముడివేయడమన్న మాట. ఆ పిల్లలు పాలు మరిచిన నాటి నుంచి ఇంట్లో ఆ ముడులు చూస్తున్నవాళ్లు.

అధికారి గారు వచ్చారు. కళ్లజోడు సవరించుకుని, "ఆహా, చేను నిండింది" అని, ఒక వంకాయ పట్టుకుని తెంపబోయారు. రాలేదు. గట్టిగా గుంజారు. మొక్క వేళ్లతో సహా చేతిలోకి వచ్చింది గాని వంకాయ మాత్రం మొక్కను వదల్లేదు. పక్కనే నిలబడ్డ ఒకటో తరగతి పిల్ల పాపం ఆయన అవస్థ చూడలేకపోయింది.

"సార్, గట్ల గుంజకుండ్రి. చిటికి ముడి గట్ల రాదు. కత్తెర తెస్త ఉండుండ్రి."

ఆయన నా వైపు చూశారు. నేను ఆకాశం వైపు చూశాను. జనార్దన్ సార్ తన ఫోను వైపు చూశారు. పెద్దాయన మర్యాదస్తుడు. "పంట సంగతి పక్కన పెట్టుండ్రి గాని పిల్లలకు పనితనం బాగా నేర్పిన్రు మేడం" అని, చాయ్ తాగి వెళ్లిపోయారు.

మధ్యాహ్నం ఆ వంకాయలే కూర వండుకుని తిన్నాం. రుచిగానే ఉన్నాయి. కానీ పిల్లలు ఇంటికి పోయి ఏం చెప్పి ఉంటారోనని వారం రోజులు నేను ఊళ్లోకి వెళ్లడానికి జంకాను. అబద్ధం ఆడడం పెద్దవాళ్లకు అలవాటే. దాన్ని పిల్లల చేత కట్టించడం మాత్రం మహా తప్పు, వాళ్లు ముడి గట్టిగా వేస్తారు.

సాగర్ యాత్ర గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. "తెరుచుకున్న డ్యాము గేట్లను చూసి విద్యార్థులు పులకించిపోయారు" అని అచ్చయింది. మేం హాలియా దాటి సాగర్ చేరేసరికి గేట్లన్నీ మూసి ఉన్నాయి. పులకించిపోవాల్సిన పిల్లల్లో ఆరుగురు బస్సులో వాంతి చేసుకున్నారు. గేట్లు రేపు గాని తెరుస్తారేమో అడిగి చూడమని సార్ నాకు ఫోను చేశారు. ఎవరిని అడగాలో ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు.

చివరి వాక్యం

మిగతావన్నీ నవ్వుకుని మరిచిపోయేవే. నివేదిక చివరి పేజీలో ఉన్న వాక్యం మాత్రం నన్ను పట్టుకుంది: "మన బడి ఐదో తరగతి పిల్లలందరూ తెలుగు దినపత్రికను ధారాళంగా చదవగలరు."

ఇది నాకు చాలా తేలికగా కనిపించింది. ఐదో తరగతికి తెలుగు చెప్పేది నేనే. అందరూ చదువుతారని నాకు తెలుసు. కనీసం ఒక్క వాక్యమైనా అబద్ధం కానిది దొరికిందని సంతోషించి, సంక్రాంతి సెలవులు అయిపోయాక ఒక రోజు ఆనాటి పేపరు పట్టుకుని ఒక్కొక్కరిని పిలిచాను. కొందరు గడగడా చదివారు, కొందరు తడబడ్డారు, ఒకడు సినిమా పేజీ అయితేనే చదువుతానన్నాడు. చివరకు మహేశ్వరి వంతు వచ్చింది.

మహేశ్వరి మా బడిలో దస్తూరి రాణి. వరుసగా మూడేళ్లు దస్తూరి పోటీలో మొదటి బహుమతి ఆమెదే. ముగ్గులు పెట్టినట్టు అక్షరాలు. ఆమె నోటుబుక్కు తెచ్చి మిగతా పిల్లల ముఖాల ముందు ఆడించి, "చూడుండ్రి, రాత అంటే ఇది" అని ఎన్నిసార్లు అన్నానో. తండ్రి నర్సింహ మగ్గం నేస్తాడు, తల్లి ఆసు పోస్తుంది, మగ్గానికి ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పి పోసే పని. పిల్ల అల్లరి చేయదు, అడిగితే తప్ప మాట్లాడదు.

పేపరు చేతికిచ్చాను. చాలాసేపు చూసింది.

"చదువు బిడ్డా."

"గీ పాఠం మీరు ఇంక చెప్పలే టీచర్" అంది.

"పేపరుకు పాఠమేంది? నువ్వే చదవాలె."

"మీరొక్కసారి చదువుండ్రి టీచర్. తర్వాత నేను చదువుత."

నవ్వొచ్చింది. చదివాను. నాలుగు వాక్యాల వార్త. పూర్తికాగానే ఒక్క పొల్లు పోకుండా నాలుగు వాక్యాలూ చెప్పేసింది. చెప్పేటప్పుడు ఆమె చూపు మాత్రం వార్త పక్కనున్న సబ్బు బొమ్మ మీద ఉంది.

నా నవ్వు ఆగిపోయింది. ఆమె నోటుబుక్కే తెప్పించి, ఆమె రాసిన పేజీలోనే ఒక మాట మీద వేలు పెట్టి అడిగాను, ఇదేమిటని. ఆ మాట "వర్షం".

"తెల్వది టీచర్" అంది. తర్వాత దానిని కొంచెంసేపు చూసి, "కానీ మంచిగొచ్చింది" అంది.

అప్పుడర్థమైంది. వాళ్లింట్లో గడుల కాగితం మీద చీరె డిజైను గీసుకుని, గడులు లెక్కబెట్టి నేతలోకి దింపుతారు. మహేశ్వరికి నల్లబల్ల మీది అక్షరాలు కూడా డిజైనే. చూసి దింపింది. ఐదేళ్లు దింపింది. తరగతిలో పాఠం అందరూ కలిసి చదువుతారు, ఆమె వంతు వచ్చేసరికి అది మూడుసార్లు విని ఉంటుంది. పరీక్షల్లో పాఠం వెనకున్న ప్రశ్నలే, ఆ వరుసలోనే ఇచ్చేవాళ్లం. ఆ జవాబులూ దింపింది. లెక్కలు మాత్రం నిజంగానే వచ్చు ఆమెకు. ఒక పిల్లను చదువు రాకుండా ఐదో తరగతి దాకా తీసుకొచ్చి, దానికి మూడు కప్పులు కూడా బహుమతిగా ఇచ్చిన టీచరును నేనే.

ఇక్కడ కొత్తవాళ్లకు ఒక మాట. అల్లరి పిల్లల గురించి మీరు భయపడకండి, వాళ్లేం నేర్చుకోలేదో ఊరంతా చెబుతుంది. శుభ్రంగా రాసి, చేతులు కట్టుకుని కూర్చున్న పిల్లల గురించి భయపడండి. మనం నోటుబుక్కులు దిద్దుతాం, పిల్లలను దిద్దుతున్నామనుకుంటాం.

ఇంకో మూడు నెలల్లో ఆమె మా బడి నుంచి వెళ్లిపోతుంది. హైస్కూలులో ఎవరూ ముందు చదివి వినిపించరు. నర్సింహను పిలిపించి ఉన్న సంగతి చెప్పాను.

"నాకంటె చదువు రాదు టీచర్. దాని రాత చూసి, నా బిడ్డ పెద్ద సదువులు సదువుతదని ఊరంత చెప్పుకున్న" అన్నాడు. లేస్తూ, "చదువుడు వస్తే ఆరో క్లాసుకు తోలుత. రాకపోతే ఎందుకు టీచర్, గా పెద్ద బడిల నలుగురి ముందట నవ్వులపాలు చేసుడు? వాళ్లమ్మ తోటి ఆసు పోస్తది" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు తేలికగా ఉండేది.

జనార్దన్ సార్‌కు చెప్పాను, ఆ వాక్యం మీద నల్ల సిరా కొట్టేద్దామని. ఆయన కంగారుపడ్డారు. "ఒక్క పిల్లనే కద మేడం! గా పిల్లకు నోటికొస్తదంటున్నరు కద. గది చదువు కాదా?"

పెదాలు

మధ్యాహ్నం అన్నం గంటలో అరగంట మహేశ్వరిని దగ్గర కూర్చోబెట్టుకున్నాను. అక్షరాలు మొదటి నుంచి, గుణింతాలు, రెండక్షరాల మాటలు. వారం రోజుల్లో అద్భుతంగా వచ్చేసింది. నేను పొంగిపోయాను. తర్వాత తెలిసింది, నేను ఒకసారి అన్నదాన్ని పట్టుకుంటోందని. సరే, ముందు నేను చదవకూడదు అనుకున్నాను. అయినా వచ్చేసింది! ఎట్లా అని చూస్తే, కాగితం చూడడం లేదు, నా ముఖం చూస్తోంది. నాకు తెలియకుండానే నా పెదాలు ఆ మాటను పలుకుతున్నాయి. తప్పు చెబితే నా కనుబొమ్మ లేస్తోంది, ఒప్పు చెబితే తల ఊగుతోంది. ఆ పిల్ల తెలుగు నేర్చుకోలేదు గాని నన్ను మాత్రం పూర్తిగా చదివేసింది.

పమిట చెంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నాను. లక్ష్మమ్మ చూసి, "ఏందమ్మా, పన్ను నొస్తుందా? దవాఖానకు పోదమా?" అని అడిగింది. ఆఖరుకు ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఆమెకు వీపు పెట్టి గోడ వైపు తిరిగి కూర్చునేదాన్ని. సబ్బు పెట్టె మీది రాత, కిరాణా పొట్లం కట్టిన కాగితం, రంగు డబ్బా మీది కాగితం, ఎవరూ ఆమెకు ఎప్పుడూ చదివి వినిపించనివి చేతికిచ్చేదాన్ని. పాతికేళ్లు వాగడమే వృత్తిగా బతికిన దానికి నోరు మూసుకుని గోడ చూడడం ఎంత కష్టమో చెప్పలేను. వెనక నిశ్శబ్దం. తర్వాత "బ... బట్... బట్టల..." మళ్లీ నిశ్శబ్దం. చెప్పెయ్యాలని నాలుక దురద పెట్టేది. చెప్పకుండా ఉండడమే ఆ పాఠం, ఆమెకు కాదు, నాకు.

ఫిబ్రవరి చివరకు ఒక్కో మాట కూడబలుక్కుని చదవగలిగింది. వాక్యం పూర్తయ్యేసరికి మొదటి మాట మరిచిపోయేది. అయినా అది చదువే.

చప్పట్లు

వార్షికోత్సవానికి నాలుగు రోజుల ముందు సార్‌కు ఇంకో ఆలోచన వచ్చింది. నివేదికను ఈసారి నేను చదవకూడదట, దస్తూరి రాణి చేత చదివించాలట.

"సార్, ఆ పిల్ల ఇప్పుడిప్పుడే కూడబలుక్కుంటుంది."

"నోటికి చెప్పియ్యండ్రి మేడం. గంటల పట్టేస్తదని మీరే అన్నరు."

కాదనాల్సింది. కాదనలేదు. రిటైర్మెంటుకు ఏడాదిన్నర ఉంది, ఎందుకొచ్చిన గొడవ అనుకున్నాను. నివేదిక మొత్తం రెండుసార్లు చదివి వినిపించాను. పట్టేసింది.

షామియానా, మైకు, ఊరు ఊరంతా. మహేశ్వరి కొత్త లంగా జాకెట్టులో స్టేజీ ఎక్కి, కాగితం ముఖానికి ఎదురుగా పట్టుకుని, వంకాయలు విరగకాసిన దగ్గర్నుంచి సాగర్ గేట్ల దాకా, ఐదో తరగతి పిల్లలందరి ధారాళమైన చదువు దాకా, ఎక్కడా ఆగకుండా చెప్పేసింది. షామియానా దద్దరిల్లింది. ముఖ్య అతిథి తన జేబులోని పెన్ను తీసి ఇచ్చారు. వెనక వరుసలో నర్సింహ లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు, కళ్లు తుడుచుకున్నాడు. మా బడి చరిత్రలో అంత గొప్ప వార్షికోత్సవం లేదు.

స్టేజీ వెనక నేను ఆమె వీపు తట్టబోయాను. పక్కకు జరిగింది.

"నేను చదవలే టీచర్. నోటికి చెప్పిన" అంది. పెన్ను నా చేతిలో పెట్టేసింది. "మా నాయిన నేను చదివిన అనుకుంటున్నడు. మీకు తెలుసు కద. మీరెందుకు ఊకున్నరు?"

నాకు ఏడుపొచ్చింది. రెండు నెలల కింద చదవడానికి, చెప్పడానికి తేడా తెలియని పిల్ల అది. ఆ తేడా నేర్పింది నేనే, నేర్పి దాన్ని స్టేజీ మీద నిలబెట్టి మోసం చేయించిందీ నేనే. మా సార్ తప్పులన్నీ ఆత్రం వల్ల వచ్చినవి. నాది పిరికితనం. రెండో రకమే చెడ్డది.

తర్వాతి రోజు మధ్యాహ్నం రాదేమో అనుకున్నాను. వచ్చింది. ఏం మాట్లాడకుండా గోడ చూపించింది. నేను గోడ వైపు తిరిగి కూర్చున్నాను.

టీసీ

ఏప్రిల్ ఆఖరులో నర్సింహ టీసీకి వచ్చాడు, మహేశ్వరిని వెంటబెట్టుకుని. ఆరో తరగతిలో చేర్చాలని ముఖం నిండా సంబరం. వార్షికోత్సవం నాటి చదువు విన్నప్పటి నుంచి అతనికి ఏ అనుమానమూ లేదు. నిజం చెప్పే ధైర్యం నాకు ఇంకా రాలేదు.

టీసీ రాసి, సంతకం పెట్టి, ముద్ర వేసి ఇచ్చాను. అతను దాన్ని రెండు చేతులా పట్టుకుని, బిడ్డకు అందించాడు.

"ఏదీ, చదువు బిడ్డా. ఏం రాసిన్రో ఇంటా."

ఆ కాగితం ఆమెకు ఎవరూ చదివి వినిపించలేదు. అందులో ఏముందో ఆమెకు తెలిసే దారే లేదు. సాయం చేద్దామని నోరు తెరవబోయి, ఆగి, కిటికీ వైపు తిరిగాను.

"వి... విద్యార్థి... పేరు." ఆగింది. "మహేశ్వరి."

తండ్రి ముఖం నాకు కనిపించడం లేదు. మొన్నటి గడగడ ఏమైందని అతను అనుకుంటూ ఉంటాడని మాత్రం అర్థమైంది. ఆమె తొందరపడలేదు. తండ్రి పేరు, పుట్టిన తేదీ, చేరిన తరగతి, ఒక్కో గడీ దాటుకుంటూ వచ్చింది. బయట ఆటో ఒకటి వచ్చి వెళ్లిపోయింది. లక్ష్మమ్మ ఊడ్వడం ఆపి గుమ్మంలో నిలబడింది.

"పుట్టు... మచ్చలు. ఒకటి. కుడి... మో... మోచేతి... మీద..."

అక్కడ ఆగిపోయింది. ఎంతసేపటికీ గొంతు రాలేదు. అది కష్టమైన మాటే, ఫరవాలేదు, ఇంతవరకు వచ్చింది చాలు అనుకుని నేను ఇటు తిరిగాను.

ఆమె చదవలేక ఆగలేదు. కాగితాన్ని బల్ల మీద పెట్టి, జాకెట్టు చెయ్యి పైకి మడుస్తోంది.

"తప్పు రాసిన్రు టీచర్" అంది. "మచ్చ కుడి చెయ్యికి లేదు. గిది ఎడమ."

చూశాను. ఎడమ మోచేతి మీద, కందిగింజంత నల్లటి మచ్చ. ఆమెను బడిలో చేర్చిన రోజు రిజిస్టరు నింపింది నేనే. ఆ రోజు వరుసలో చాలామంది ఉన్నారు, తలెత్తకుండా రాసుకుంటూ పోయాను. ఐదేళ్ల తర్వాత అదే చూసి ఇక్కడ దింపాను.

"సరిగ్గ చదివినవా బిడ్డా?" అని నర్సింహ అడిగాడు, నన్ను కాదు, ఆమెను.

"చదివిన నాయినా. గిప్పుడు చదివిన" అంది.

ఆ టీసీ చింపేసి ఇంకొకటి తీశాను. ఈసారి రిజిస్టరు తెరవలేదు. ఆమె చెయ్యి పట్టుకుని, చూసి రాశాను.